ఒకదానిమీద ఒకటి పేర్చుకునే టేకు డైనింగ్ కుర్చీలు: మేకులు, స్క్రూలు లేకుండా కుసి–బెజ్జంతో అవుతాయా?

కావలి పెంకుటిల్లు

అందరికీ నమస్కారం. కావలిలో మా తాతగారి పెంకుటిల్లు విప్పించాం. దూలాలు, వాసాలు, పాత తలుపులు అన్నీ టేకే. అమ్మేయమని అడిగేవాళ్ళు చాలామంది వచ్చారు గానీ మనసొప్పలేదు. ఎనిమిది డైనింగ్ కుర్చీలు చేయించాలని అనుకుంటున్నా. మామూలు రోజుల్లో తినేది నలుగురం, సంక్రాంతికి ఇల్లు నిండిపోతుంది. గది 10 అడుగులకు 11. అందుకని పని లేనప్పుడు ప్లాస్టిక్ కుర్చీల్లాగా దొంతర పెట్టి మూలకు నెట్టేసేలా ఉండాలి.

ఊళ్ళో ఒక షాపులో అడిగితే చెక్క కుర్చీ దొంతర కాదు, స్టీలు పైపు కుర్చీ తీసుకోండి అన్నారు. నా గీత ఇది: సీటు ఎత్తు పదిహేడున్నర అంగుళాలు, కాళ్ళు నిటారుగా, నేలకు ఆరంగుళాల పైన చుట్టూ అడ్డబద్దలు, మామూలు కుసి–బెజ్జం (ఒక చెక్క కొనను సన్నగా చెక్కి, ఇంకో చెక్కలో తొలిచిన రంధ్రంలోకి దూర్చే అతుకు). ఇందులో ఏం మార్చాలి?

ఒంగోలు కొలతలు

చెక్క కుర్చీ దొంతర కాదనడం సరికాదండీ. ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో 1933లో చేసిన మూడుకాళ్ళ స్టూలు బర్చ్ చెక్కదే. అది ఒకదానిమీద ఒకటి చుట్టూ తిరుగుతూ ఎక్కుతుంది, ఇప్పటికీ తయారవుతోంది. చెక్కతో ఇబ్బంది మందం దగ్గర వస్తుంది. 1964లో డేవిడ్ రోలాండ్ చేసిన 40/4 కుర్చీలు నలభై పేరిస్తే నాలుగడుగులే, ఎందుకంటే దాని కాళ్ళు సన్నటి ఉక్కు కడ్డీలు. మనకు కాలు అంగుళంన్నర ఉండక తప్పదు.

మీ గీతలో ముందుగా పోవాల్సింది ఆ కింది అడ్డబద్దలు. పై కుర్చీ కింది కుర్చీమీదకు దిగేటప్పుడు కింది కుర్చీ సీటు, పై కుర్చీ నాలుగు కాళ్ళ మధ్యకు రావాలి. ముందు కాళ్ళను కలుపుతూ అడ్డబద్ద ఉంటే అది సీటుకు తగిలి ఆగిపోతుంది. పక్కన ముందు కాలికీ వెనక కాలికీ మధ్య ఉండే బద్దయితే కింది కుర్చీ కాలికి తగులుతుంది. చుట్టూ బద్దలున్న కుర్చీ దొంతర కాదు.

ఉలి చప్పుడు, నెల్లూరు

అడ్డబద్దలు తీసెయ్యమని తేలిగ్గా చెప్పేశారు గానీ, ఆ బద్దలు అందానికి పెట్టేవి కాదు సార్. మనిషి అన్నం తిన్నాక ఏం చేస్తాడు? వెనక్కి వాలతాడు. ముందు కాళ్ళు లేస్తాయి, బరువంతా వెనక కాళ్ళమీద పడతాది. కాలిని కీలు దగ్గర, అంటే చెక్కలు కలిసే అతుకు దగ్గర, తిప్పేసే జోరు అది. కింద బద్ద ఉంటే సగం అది మోస్తాది. లేకపోతే అంతా సీటు దగ్గరున్న ఒక్క కీలుమీదే. మామూలు కుసి అయితే రెండు ఎండాకాలాలు తిరిగేసరికి ఆడతాది. నేను బాగు చేసే కుర్చీల్లో ఎక్కువ భాగం వెనక కాలు, సీటు పట్టీ (సీటు చట్రంలోని బద్ద) కలిసే చోట ఊడినవే.

బద్దలు లేకుండా చేయొచ్చు, చేయకూడదని నేననడం లా. ఆ కీలుకు మాత్రం రెట్టింపు పని పెట్టాల.

ఒంగోలు కొలతలు

మీరన్నదే అసలు సంగతి. ముందు దొంతర లెక్క చెప్తా, ఆ కీలుకు మనకు ఎంత చోటు మిగులుతుందో అప్పుడు తెలుస్తుంది.

కాళ్ళు సీటు చట్రానికి బయటి పక్కన ఉంటాయి. పై కుర్చీ కొంచెం ముందుకు జరిగి కూర్చుంటుంది. దాని వెనక కాళ్ళు కింది కుర్చీ వెనక కాళ్ళకు ముందుగా, సీటు పక్కగా దిగుతాయి. కాలు ముందు–వెనక కొలత 38 మి.మీ. అనుకుందాం. కాళ్ళు నిటారుగా ఉంటే 38కి పైన రెండు మి.మీ. వదులు చాలు. వెనక కాలు అడుగున 5 డిగ్రీలు వెనక్కి వాలితే (వాలకపోతే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది) ఆ వాలు ఖాళీని తినేస్తుంది. ఒక కుర్చీకీ పై కుర్చీకీ ఎత్తు తేడా 75 మి.మీ. అయితే 5 డిగ్రీలకు 6.6 మి.మీ. పోతుంది. 38, 6.6, వదులు 2 కలిపితే సుమారు 47. ఒక్కో కుర్చీ 47 మి.మీ. ముందుకు జరుగుతుందన్నమాట.

ఎత్తు తేడా 75 ఎందుకంటే సీటు పట్టీ లోతు 57, దానిమీద కూర్చునే పలక మందం 18. పట్టీ ఎంత లోతుగా ఉంటే కీలుకు అంత బలం, కానీ దొంతర అంత ఎత్తు. ఆరు కుర్చీలకు మొదటి కుర్చీ 800 మి.మీ., పైన అయిదు డెబ్బై అయిదులు, మొత్తం 1175. దాదాపు నాలుగడుగులు.

కావలి పెంకుటిల్లు

ఎనిమిదీ ఒకే దొంతర పెట్టొచ్చా?

ఒంగోలు కొలతలు

వద్దు. దొంతర ముందుకు జరుగుతూ పోతుంది కాబట్టి బరువు కేంద్రమూ ముందుకొస్తుంది. ఆరు కుర్చీలకు సగటు జరుగుడు 47కి రెండున్నర రెట్లు, అంటే 117 మి.మీ. ఒంటరి కుర్చీ బరువు కేంద్రం ముందు కాళ్ళ అడుగుకు సుమారు 200 మి.మీ. వెనక ఉంటుందనుకుంటే ఇంకా 80కి పైగా మిగులుంది. ఎనిమిదికి 165 అవుతుంది, మిగిలేది 35. పిల్లవాడు పట్టుకుని లాగితే చాలు, ముందుకు పడుతుంది. పది అయితే ఎవరూ ముట్టకుండానే పడుతుంది. నాలుగేసి రెండు దొంతరలు పెట్టుకోండి, తలుపు పక్కన ఒకటి, కిటికీ కింద ఒకటి.

పినాకిని ఒడ్డు

నిశ్శబ్దంగా చదువుతున్నా, చాలా బాగుంది చర్చ. ఒక సందేహం. మా బంధువులకు ఉదయగిరి వైపు పొలాల్లో ఎర్రచందనం చెట్లున్నాయి. కుర్చీకి అది వాడితే ఎలా ఉంటుంది?

ఉలి చప్పుడు, నెల్లూరు

సొంత పొలంలోదైనా ఎర్రచందనం కొట్టాలన్నా, కదిలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాల. కాయితం లేకుండా ముట్టుకోవద్దు. అయినా దానికి బరువెక్కువ. దొంతర పెట్టే కుర్చీ రోజూ ఎత్తి దించేది, చేతికి తేలిగ్గా ఉండాల. తుమ్మ కూడా అంతే, బండి చక్రానికి, నాగలికి దానికి సాటి లేదు, కుర్చీకి మాత్రం బరువు. కావలి ఆయనకు పాత టేకు చేతిలో ఉండగా వేరే మాట ఎందుకు?

పాత దూలంతో ఒక జాగ్రత్త. కోత మిల్లుకు తోలే ముందు అయస్కాంతం పట్టుకుని నాలుగు పక్కలా మెల్లగా జరపండి. లోపల విరిగిపోయిన మేకు తలలుంటాయి. గోడలో ఉన్న కొనలు ఒక అడుగు కోసి పారేయండి, సున్నం, చెద రెండూ అక్కడే ఉంటాయి. మిగిలింది ఏళ్ళ తరబడి ఆరిన చెక్క, ఈ రోజుల్లో డబ్బు పెట్టినా అంత ఆరింది దొరకదు.

ఒంగోలు కొలతలు

ఇక కీలు. నేను అనుకున్నది రాస్తా, ఉలి చప్పుడు గారు తప్పులుంటే చెప్పాలి.

పక్క పట్టీ (ముందు నుంచి వెనక్కి పోయేది) కాళ్ళ మధ్య ఆగకుండా కాలి లోపలి ముఖానికి ఆనుకుని పోతుంది. కాలి లోపలి ముఖాన 5 మి.మీ. లోతు, 57 ఎత్తు గాడి తీసి పట్టీని అందులో కూర్చోబెడతాం. మనిషి వెనక్కి వాలినప్పుడు కాలు తిరగాలని చూస్తే ఆ గాడి పై అంచు, కింది అంచు పట్టీని పట్టుకుని ఆపుతాయి. ముందు పట్టీ (ఎడమ నుంచి కుడికి పోయేది) కుసి పక్క పట్టీలోంచి దూరి, కాలిలోంచి బయటికి వస్తుంది. ఒక్క కుసి రెండు చెక్కల్ని కుట్టేస్తుంది. వెనకా అంతే.

చిక్కు ఏమిటంటే, గాడి 5 మి.మీ. అనగానే మిగతా పొడవునా పక్క పట్టీ కాలి లోపలి ముఖం కంటే 5 మి.మీ. బయటికి పొడుచుకొస్తుంది. పై కుర్చీ వెనక కాలు సరిగ్గా అక్కడే దిగాలి, తగులుతుంది. అందుకే కాళ్ళను పక్కలకు కూడా 5 డిగ్రీలు చాచాలి. అప్పుడు పై కుర్చీ కాలు ఆ ఎత్తులో 6.6 మి.మీ. బయటికి ఉంటుంది. అయిదు పోను ఒకటిన్నర మిగులు.

ఉలి చప్పుడు, నెల్లూరు

ఆలోచన గట్టిది సార్. ఒకే కుసి రెండిట్లోంచి పోవడం నాకు నచ్చింది. నా వైపు నుంచి మూడు మాటలు.

కుసి మందం 10 చాలు, ఎత్తు 35 పెట్టండి. పట్టీ చివర బెజ్జం దాటాక మిగిలే చెక్క తక్కువ, 14 మి.మీ. దాకా ఉంటాది. కొట్టేటప్పుడు అది చీలకుండా పట్టీని ముందు ఒక అంగుళం పొడుగ్గా ఉంచి, అంతా బిగిసి సరేసు (జిగురు) ఆరినాక ఆ అంగుళం కోసి, కాలితో సమంగా చిత్రిక పట్టండి.

కుసి కొన బయటికొచ్చిన చోట రెండు చీలికలు కోసి సన్నని చెక్క ఆప్పులు (చీలలు) కొడతాం గదా, అవి కుసిని పైకీ కిందికీ విప్పాల. కాలి నార నిలువుగా ఉంటాది, ఆ దిక్కున ఎంత నొక్కినా ఓర్చుకుంటాది. పక్కలకు విప్పేలా కొట్టారంటే కాలు నిలువునా పగిలిపోద్ది. బెజ్జం బయటి నోరు కూడా పైనా కిందా రెండేసి మి.మీ. వెడల్పు చేయండి, కుసి లోపల విచ్చుకుని ఇంక వెనక్కి రాదు.

రెండు వాలుల కీలు కుర్రాళ్ళకు భయం. వెనక్కి 5, పక్కకు 5. గీత గీసి కంటితో చూసి కొడితే ఎనిమిది కుర్చీలు ఎనిమిది రకాలుగా వస్తాయి, దొంతర కావు. పక్కకు వాలే కోణానికి ఒక చెక్క ముక్క వాలుగా కోసి పెట్టుకోండి, బరమా, ఉలి ప్రతిసారీ దానికి ఆనించే పని చేయాల. వెనక్కి వాలేది కాలి ఆకారంలోనే కోసేస్తాం కాబట్టి దానికి అట్టముక్క నమూనా చాలు. మామూలు కుర్చీ రెండు మి.మీ. అటూ ఇటూ అయినా కూర్చోవచ్చు, ఇక్కడ మిగులే ఒకటిన్నర.

నవారు మంచం

సీటుకు పలకే ఎందుకు? నేను ఒంగోలు దగ్గర పల్లెలో ఉంటా, నవారు అల్లకం మా ఇంట్లో అందరికీ వచ్చు. నూలు నవారు వేస్తే ఒళ్ళు ఆనినచోట చల్లగా ఉంటుంది, ఎండాకాలం పలకమీద కూర్చుంటే చెమటకు అంటుకుపోయిద్ది.

ఒంగోలు కొలతలు

బరువు కూడా కలిసొస్తుంది. కాళ్ళు, పట్టీలు, వీపు బద్దలు కలిపితే సుమారు 0.0063 ఘనపు మీటర్లు, అంటే 0.22 ఘనపుటడుగులు. టేకు ఘనపు మీటరు 650 కిలోల లెక్కన నాలుగు కిలోల చిల్లర. 18 మి.మీ. టేకు పలక పెడితే ఇంకో రెండు కిలోలు. పైగా 420 మి.మీ. వెడల్పు పలక మన తీరంలో ఊరకుండదు. మేలో పడమటి గాలికి ఎండిపోయి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు ఉబ్బుతుంది. చెక్కలో తేమ నాలుగు శాతం మారితే పలక మూడు మి.మీ. వెడల్పు మారుతుంది. చుట్టూ బిగిస్తే పగులుతుంది, వదులుగా పెడితే సందు కనిపిస్తుంది. నవారుకు ఆ గొడవ లేదు.

కావలి పెంకుటిల్లు

నవారు అయితే మా అమ్మకు చాలా ఇష్టం. కానీ ఒక్కటి అర్థం కాలేదు. పలక తీసేస్తే ఆ 18 మి.మీ. మందం పోయింది కదా, మరి 75 లెక్క ఏమవుతుంది?

ఒంగోలు కొలతలు

చాలా మంచి ప్రశ్న. ఎత్తు తేడా పట్టీ లోతు 57, నవారు మందం రెండు మూడు కలిపి 60కి దిగుతుంది. 60కి 5 డిగ్రీల చాపు ఇచ్చేది 5.2 మి.మీ. పట్టీ పొడుచుకొచ్చింది 5. కాలు పట్టీని రాసుకుంటూ దిగుతుంది, పాలిష్ లేచిపోతుంది, నవారు ఉంటే అసలు దిగదు.

రెండు మార్పులు చేద్దాం. పక్క పట్టీల అడుగున 16 మి.మీ. చెక్క దిమ్మెలు, పక్కకు రెండు చొప్పున, అంటించాలి. పై కుర్చీ ఆ దిమ్మెలమీద కూర్చుంటుంది, ఎత్తు తేడా మళ్ళీ 75కి వస్తుంది. ముందు దిమ్మె ముందు అంచు నుంచి మూడంగుళాలు వెనక ఉండాలి. కుర్చీ 47 మి.మీ. ముందుకు జరుగుతుంది కాబట్టి మరీ అంచున పెడితే కింద ఆనడానికి పట్టీ ఉండదు. రెండోది, పక్క పట్టీమీద నవారు వెనక కాలి నుంచి రెండంగుళాలు వదిలి మొదలుపెట్టాలి. పై కుర్చీ కాలు దిగే చోటు అదే. వెనక ఆ రెండంగుళాల్లో ఎవరి బరువూ పడదు.

నవారు మంచం

రెండంగుళాలు వదలడం కష్టమేం కాదు. ముందు నుంచి వెనక్కి పోయే వరసలు పూర్తి వెడల్పునా ఉంటాయి, అవే ఆ సందును కప్పుతాయి. అడ్డంగా పోయే వరసలే ఆపాలి. దిమ్మె కింది ముఖం మాత్రం గుండ్రంగా అరగదీయండి. అంచు పదునుగా ఉంటే పేర్చినప్పుడల్లా నవారును కొరికిద్ది. ఇంకో మాట, నవారు బిగించి లాగితే పట్టీలు లోపలికి వంగుతాయి. 25 మి.మీ. మందం తగ్గించొద్దు. మొదట ముందు–వెనక వరసలు ఓ మోస్తరుగా లాగి, అడ్డం అల్లేటప్పుడు బిగువు తెప్పించాలి. మొదటిసారే మంచం పట్టెలాగా లాగితే అల్లకం దూరదు.

ఉదయగిరి దుర్గం

ఆ ఆప్పులకు టేకు వాడకండి. టేకులో నూనె ఉంటుంది, మెత్తన, సుత్తి దెబ్బకు నలుగుతుంది. మా ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది కదా, వాటికి వాడే బిక్కి చెక్క నార చాలా సన్నం. గరిటెలు చేసేవాళ్ళ దగ్గర తునకలు మిగులుతాయి, కొనుక్కోవచ్చు. పాత నల్లతుమ్మ తునకైనా సరే. ఆప్పు కత్తితో నార వెంట చీల్చి చేయండి, రంపంతో కోస్తే నార తెగి సగంలో విరుగుతుంది.

ఉలి చప్పుడు, నెల్లూరు

నూనె మాట గుర్తు చేశారు, మంచిది. టేకు కొత్తగా చిత్రిక పట్టిన ముఖానికే సరేసు గానీ ఫెవికాల్ గానీ పట్టుద్ది. ఉదయం కోసిన కుసి సాయంత్రం అంటిద్దాంలే అనుకోవద్దు. ఆలస్యమైతే అంటించే ముందు ఉలితో ఒక పొర తేలిగ్గా గీకండి.

ఇంకొకటి వెనక కాలు. అది సీటు దగ్గర వంపు తిరుగుతాది, కింద వెనక్కి, పైన వీపుకు వెనక్కి. ఆ వంపు కోయడానికి నాలుగంగుళాల వెడల్పు పలక కావాల. నార పలక పొడుగునా నేరుగా పోతే వంపు దగ్గర తెగిపోతాది, కుసి బెజ్జం కూడా అక్కడే పడుతుంది. దూలం కోయించాక పలకలన్నీ నేలమీద పరిచి, ఏ పలకలో నార తనంతట తాను వంగిందో వెతికి, అందులో వెనక కాళ్ళు గీయండి. ముందు కాళ్ళకు, పట్టీలకు నేరు నార. ఎనిమిది కుర్చీలకు పదహారు వెనక కాళ్ళు. పలకలు ఎంచుకునే పనికి ఒక పూట పోతే పోనీయండి, వారం పనిని అది కాపాడుద్ది.

పినాకిని ఒడ్డు

కాళ్ళు పక్కలకు చాస్తే టేబుల్ దగ్గర పట్టవేమో కదా?

ఒంగోలు కొలతలు

సీటు దగ్గర కాళ్ళ బయటి కొలత 455 మి.మీ. పెట్టుకుంటే నేల దగ్గర రెండు పక్కలా కలిపి 80 పెరుగుతుంది, 535, అంటే 21 అంగుళాలు. ఆరడుగుల టేబుల్‌కు ఒక్కో పక్క మూడు కుర్చీలకు 63 అంగుళాలు. టేబుల్ కాళ్ళ మధ్య ఖాళీ 64 కంటే తక్కువైతే మాత్రం కుర్చీలు పూర్తిగా లోపలికి పోవు. కావలి వారు కొలిచి చెప్పాలి.

కావలి పెంకుటిల్లు

కొలిచాను, 66 ఉంది. సరిపోతుంది.

అంతా రాసుకున్నాను. టేకు ముట్టుకునే ముందు జామాయిల్ చెక్కతో రెండు కుర్చీలు చేయిస్తా. ఒకటి చేస్తే దొంతర తెలియదు కాబట్టి రెండు. అవి ఒకదానిమీద ఒకటి సరిగ్గా దిగాకే దూలం మిల్లుకు పోతుంది. టేకు చెక్క ఒక్కో కుర్చీకి అర ఘనపుటడుగు చొప్పున మొత్తం నాలుగు ఘనపుటడుగులు తీసిపెట్టమని మేస్త్రికి చెప్పా. పాలిష్ ఏది వేయాలో ఒక మాట చెప్పండి.

ఉలి చప్పుడు, నెల్లూరు

జామాయిల్ ఆరేటప్పుడు మెలి తిరుగుద్ది అబ్బయ్యా. ఆరిన ముక్క చూసి తీసుకో, నమూనాకే గదా. రెండూ పేర్చినాక కాలికీ పట్టీకీ మధ్య పోస్టుకార్డు దూర్చి చూడు. నాలుగు చోట్లా సులువుగా దూరాల. ఒకచోట బిగుసుకుంటే టేకులో కూడా అక్కడే బిగుసుకుంటాది, అట్టముక్క నమూనా అక్కడ దిద్దు.

మెరిసే పాలిష్ వద్దు. పేర్చేటప్పుడు ఎంత జాగ్రత్త పడ్డా గీతలు పడతాయి, గట్టి పొర మీద గీత తెల్లగా కనపడుద్ది, దిద్దాలంటే మొత్తం గీకాల. కాచిన అవిసె నూనె రెండు పూతలు, మధ్యలో ఒక రోజు ఆరనిచ్చి, గుడ్డతో గట్టిగా రుద్దు. గీత పడ్డచోట మళ్ళీ నాలుగు చుక్కలు రుద్దితే కలిసిపోతాది. రుద్దిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో తడిపి ఆరుబయట విడివిడిగా పరిచి ఆరేయి.

నవారు మంచం

నూనె పూర్తిగా ఆరినాకే నవారు అల్లండి, ఒక వారం ఆగండి. తెల్ల నవారుకు ఆ నూనె మరక పట్టిందంటే ఉతికినా పోదు.

కావలి పెంకుటిల్లు

సరేనండి. కాళ్ళ అడుగులు ఎప్పుడు కోయాలి? ముందే 5 డిగ్రీలు కోసుకోవాలా?

ఉలి చప్పుడు, నెల్లూరు

ముందు కోయొద్దు. కాళ్ళు అర అంగుళం పొడుగ్గా ఉంచి కుర్చీ మొత్తం బిగించు. సమంగా ఉండే గ్రానైట్ బండమీద నిలబెట్టి, సీటు ముందు వైపు కంటే వెనక వైపు పావు అంగుళం కిందికి ఉండేలా కాళ్ళ కింద ముక్కలు పెట్టి సరిచేయి. తర్వాత పెన్సిలును ఒక చెక్క దిమ్మెమీద పడుకోబెట్టి, బండమీదే జరుపుతూ నాలుగు కాళ్ళ చుట్టూ గీత గియ్యి. ఆ గీతమీద రంపం పెట్టు. వాలులు రెండూ వాటంతటవే వస్తాయి, ఎనిమిది కుర్చీలకూ అదే దిమ్మె వాడు.